తొమ్మిదికీ పధ్నాలుగుకీ మధ్య లైను

కూర్చో. అట్లా మంచం అంచున వేలాడటం కాదు, చాప వేసుకొని సరిగ్గా కూర్చో. ఆ ఫోను బోర్లా పెట్టు. నేను చెప్పేటప్పుడు అది గుర్రుమంటే నాకు మాట తప్పిపోతుంది. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నావు కదా, ఇక నేనేమన్నా సరే అట్లాగే కొట్టు. బాగా లేదనిపిస్తే తర్వాత దిద్దుకుందువు గానీ, నన్ను మధ్యలో దిద్దకు.

సోమవారం నువ్వు హైదరాబాదులో చేరబోయేది, ఆ కస్టమర్ కేర్ ఉద్యోగం, నేను చేసిన ఉద్యోగమే. చెవికి హెడ్‌సెట్టు తగిలించుకోవడం, అవతల ఎవరో అరుస్తుంటే ఇవతల నిదానంగా "చెప్పండి" అనడం. నీకు మూడు రోజులు ట్రైనింగట. మూడు రోజుల్లో గొంతు నేర్పుతారు, చెవి నేర్పరు. అందుకే ఇది. ప్రమోషన్ల సంగతి చెప్పను. అవి అందరికీ ఒకేలా వస్తాయి, ఒకేలా ఆలస్యంగా వస్తాయి.

ఇంకో మాట. నిన్న టీవీలో నలుగురు కూర్చొని కొట్టుకుంటుంటే నువ్వడిగావు, అసలు ప్రజాస్వామ్యం అనేది ఉందా నానమ్మా, అని. నాకేం తెలుసు. నాకు తెలిసిందల్లా, ఎనభైల్లో అది ఒక పూట మా ఎక్స్ఛేంజి గుండా వెళ్ళింది. వెళ్ళేటప్పుడు బోర్డు దగ్గర కూర్చున్నది నేనే.

చెవులు గవర్నమెంటువి

ప్రత్తిపాడు దాటి బస్సులో ఇంకో ముప్పావుగంట వెళ్తే వచ్చే ఊరది. పేరు వద్దులే, అక్కడివాళ్ళు ఇంకా ఉన్నారు. ఒక పక్కంతా పత్తి, ఒక పక్కంతా మిరప. ఊరికి ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజి. ఎక్స్ఛేంజి అంటే పెద్ద బిల్డింగు ఊహించుకోకు. ఒక పెంకుటింటి ముందు గది, అందులో అద్దాల బీరువా అంత చెక్క బోర్డు, బోర్డు ముందు స్టూలు, స్టూలు మీద నేను.

అప్పట్లో నంబర్లు నొక్కితే ఫోను కలిసేది కాదు. ఇంట్లో ఫోనుకు పక్కన చిన్న హ్యాండిల్ ఉండేది. అది తిప్పితే నా బోర్డు మీద వాళ్ళ నంబరు దగ్గర ఉన్న రేకు టప్పున కింద పడేది. నేను ఒక తీగ చివరనున్న ప్లగ్గు వాళ్ళ రంధ్రంలో పెట్టి "నంబర్ ప్లీజ్" అనేదాన్ని. వాళ్ళు చెప్పిన నంబరు రంధ్రంలో ఆ తీగకు రెండో చివరనున్న ప్లగ్గు పెట్టి గంట కొట్టేదాన్ని. అంతే ఉద్యోగం. ఊరు మొత్తానికి ముప్పై ఫోన్లు.

లైను సరిగ్గా పడిందో లేదో చూడటానికి నా దగ్గర ఒక కీ ఉండేది. కీ నొక్కితే వాళ్ళ మాటలు నాకు వినపడతాయి. పడిందని తెలియగానే కీ వదిలెయ్యాలి. వెంటనే వదిలేశావా నానమ్మా అని నువ్వు అడుగుతావు. నేను ఉద్యోగం గురించి నిజం చెప్పాలని కూర్చున్నాను కాబట్టి చెబుతున్నా, వదల్లేదు. ఏ ఆపరేటరైనా వెంటనే వదిలేశానంటే నమ్మకు.

నేను చేరిన రోజున మా టెలిఫోన్ ఇన్‌స్పెక్టర్ హనుమంతరావు గారు వచ్చి, బోర్డు మీద దుమ్ము వేలితో తీసి చూసి, నాతో ఒకే ఒక్క మాట చెప్పారు.

"అమ్మా, ఈ గదిలోకి వచ్చాక నీ చెవులు గవర్నమెంటువి. నోరు మాత్రం ఇంటి దగ్గర పెట్టి రా."

"నంబర్ ప్లీజ్ అనాలి కదండీ" అన్నాను.

ఆయన నవ్వలేదు. మంచి ఆఫీసరు. వింటే ఉద్యోగం పోదుగానీ, విన్నది బయట అంటే పోతుందని ఆయన అర్థం. నువ్వు కూడా రాసుకో. రేపు నీ హెడ్‌సెట్టులో మొగుడూ పెళ్ళాల తగాదాలు, దాచుకున్న జబ్బులు అన్నీ వినపడతాయి. విన్నది అక్కడే వదిలేసి లేవాలి.

రెండు పార్టీల ఊరు

ఆ ఊళ్ళో రెండు పార్టీలు. ఢిల్లీ పార్టీలు, హైదరాబాదు పార్టీలు కాదు. పార్టీ అంటే ఇద్దరు మనుషులు. తొమ్మిదో నంబరు, పధ్నాలుగో నంబరు.

తొమ్మిదో నంబరు పుల్లయ్య గారు, మిరపకాయల కమీషన్ వ్యాపారం. పధ్నాలుగో నంబరు రాఘవయ్య గారు, పత్తి జిన్నింగ్ మిల్లు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు, ఒకరికొకరు బావ వరస. నేను చేరేనాటికి ఇద్దరి మధ్యా మాటల్లేక పదకొండేళ్ళు. కారణం ఏమిటని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పేవారు. నాకు దొరికిన అసలు కారణం, సహకార సొసైటీ మీటింగులో ఒకాయనకు చేతులున్న కుర్చీ వేసి, ఇంకొకాయనకు చేతుల్లేని కుర్చీ వేశారట.

ఇక ఆ కుర్చీ చేతులు ఊరంతా పాకాయి. టీ హోటళ్ళు రెండు. మంగలి షాపులు రెండు. బస్సు ఆగే దగ్గర తాటాకు పందిళ్ళు రెండు. వర్షమొస్తే పుల్లయ్య గారి మనిషి తడుస్తూ నిలబడతాడుగానీ రాఘవయ్య గారి పందిట్లోకి పోడు. నేను గవర్నమెంటు మనిషిని కాబట్టి ఏ హోటల్లో టీ తాగినా ఇంకో పార్టీకి కోపం. అందుకే ఫ్లాస్కులో ఇంటి నుంచి తెచ్చుకునేదాన్ని.

రెండు పక్కలా స్వేచ్ఛగా తిరిగే మనిషి ఊళ్ళో ఒక్కతే ఉండేది. సంతోషమ్మ. మా ఎక్స్ఛేంజి ఊడ్చేది. ఫోను లేనివాళ్ళకు బయట ఊరి నుంచి కాల్ వస్తే, పరుగెత్తుకెళ్ళి వాళ్ళను పిలుచుకొచ్చేది కూడా తనే. చర్చి పేటలో ఉండేది. నా ఈడుదే. మొగుడు యోహాను మిరప కోతలకు పోయేవాడు.

మొదటి ఏడాది ఒక ఎలక్షను చూశాను. అప్పుడు సంతోషమ్మ ఓటేసి వచ్చి, ఎడమ చేతి వేలి మీద సిరా చుక్క నాకు ఉంగరం చూపించినట్టు చూపించింది. ఎలక్షన్లకు ముందు ఆ పేటలో రెండు పార్టీలవాళ్ళూ క్యూ కట్టేవారు. "సంతోషమ్మ గారూ" అని పిలిచేవారట. పేటలో బోరు పంపు చెడితే ఒక పార్టీ హ్యాండిల్ వేయిస్తే ఇంకో పార్టీ వాషర్లు వేయించేది.

"ఏడాదికో ఎలక్షనొస్తే ఎంత బాగుణ్ణో ఆపరేటరమ్మా. పంపు ఆడతా ఉంటది, మమ్మల్ని గారూ అంటా ఉంటారు" అనేది.

అప్పుడు నేను కూడా అందరిలాగే అనుకున్నాను, ఈ ఇద్దరు ముసలాళ్ళూ కలిసిపోతే ఊరు బాగుపడుతుందని. ఆ అనుకోవడం ఎంత అమాయకమో తర్వాత తెలిసింది.

నా తుమ్ము

ఇప్పుడు నా తప్పు చెబుతా. పెద్ద అక్షరాల్లో హెడ్డింగు పెట్టు.

మా గదికి ఎదురుగానే పుల్లయ్య గారి కమీషన్ కొట్టు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిరపకాయల టిక్కీలు, అంటే గోనె బస్తాలు, దింపుతుంటే గాల్లో ఘాటు నిండిపోయేది. కొత్తవాళ్ళు ఆ వీధిలోకి వస్తే ఏడుస్తూ తిరిగిపోయేవారు. నేను తడి తువ్వాలు ముక్కుకు కట్టుకొని "నంబర్ ప్లీజ్" అనేదాన్ని.

ఒక పొద్దున బళ్ళు ఎక్కువొచ్చాయి. సరిగ్గా అప్పుడే తొమ్మిది, పధ్నాలుగు రేకులు రెండూ ఒకేసారి పడ్డాయి. పుల్లయ్య గారికి గుంటూరు కావాలి, రాఘవయ్య గారికి పొన్నూరు కావాలి. సరేనండీ, ఫోను పెట్టెయ్యండి, లైను రాగానే గంట కొడతానన్నాను. లైన్లు వచ్చాయి. ప్లగ్గులు తీశాను. తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, వరసగా ఏడో ఎనిమిదో. కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళలోనే ప్లగ్గులు పెట్టి గంట కొట్టాను. కళ్ళు తుడుచుకొని చూస్తే తీగకు ఒక చివర తొమ్మిదిలో ఉంది, ఇంకో చివర పధ్నాలుగులో ఉంది.

తీసేద్దామని చెయ్యి పెట్టి, ముందు కీ నొక్కాను.

"ఎవరూ?"

"నువ్వెవరు?"

ఇద్దరూ గొంతులు గుర్తుపట్టేశారు.

"ఏం బావా, ఆఖరికి చేశావన్నమాట" అన్నారు రాఘవయ్య గారు.

"నేనెక్కడ చేశా? గంట మా ఇంట్లో మోగింది. చేసింది నువ్వు."

"మోగింది మా ఇంట్లో."

అప్పుడు పుల్లయ్య గారు గొంతు సవరించుకున్నారు.

"సర్లే. చేసింది చేశావు. నేనేమీ మనసులో పెట్టుకోను. చెప్పు."

"నువ్వు చేశావు కాబట్టి నేను మాట్లాడుతున్నా. మోకాళ్ళెట్టా ఉన్నయ్యి?"

అంతే. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. మోకాళ్ళు, షుగరు, నిద్ర పట్టకపోవడం. ఒకరినొకరు క్షమించేసుకున్నారు. ఎదుటివాడే ముందు దిగొచ్చాడన్న సంతోషం ఇద్దరి గొంతుల్లోనూ తెలుస్తూనే ఉంది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. కొంత ఘాటుకు, కొంత ఆనందానికి.

మర్నాటి నుంచి రోజూ పదకొండింటికి ఎవరో ఒకరు హ్యాండిల్ తిప్పేవారు. నంబరు నోటితో అనేవారు కాదు. "అమ్మాయ్, ఆ లైనియ్యి" అంతే.

ఇక వీళ్ళు బయట కూడా కలిసిపోతారని నేను రోజూ వీధిలోకి చూస్తూ ఉన్నాను. ఒక సాయంత్రం సెంటర్లో పుల్లయ్య గారు నిలబడి, ఆ రాఘవయ్య నీడ కూడా తొక్కనని అరిచారు. పొద్దున పదకొండింటికే ఆయనకు మెంతులు నానబెట్టి తాగమని చెప్పిన మనిషి. ఒకరోజు బస్సు పందిరి దగ్గర గొడవై మిల్లు మనిషి ఒకతనికి తల పగిలింది. అతనికి ఆసుపత్రిలో కుట్లు వేస్తున్న టైములో ఇక్కడ నా తీగ మీద ఇద్దరూ ఏ డాక్టరు మందు మంచిదో మాట్లాడుకుంటున్నారు.

విన్నాను. నోరు ఇంటి దగ్గర ఉంది. ఏం చేసేది.

సంతోషమ్మ వేలు

కొన్నాళ్ళకు ఇంకో ఎలక్షను వచ్చింది, పెద్దది. సంతోషమ్మ పొద్దున్నే తలకు నూనె రాసుకొని వెళ్ళింది. గంటలో తిరిగొచ్చి మెట్టు మీద కూర్చొని వేలు చూసుకుంటూ ఉంది. చుక్క లేదు.

"ఏమైంది?" అన్నాను.

"నా ఓటు పడిపోయిందంటమ్మా."

"పడిపోవడమేంటి, నువ్వు వేస్తేనే కదా పడేది."

"నేనూ అదే అడిగా. ఎవరో ఏసేశారు, నువ్వు పో అన్నారు. నా ఒక్కదాందే కాదు, మా పేటలో ఎవరిదీ లేదు. నా పేరు మీద ఎవడి ఏలికో చుక్క పెట్టారు." వేలు ముడుచుకొని, "ఇంతకుముందు ఇట్టా జరగలా. ఒకడు దొంగ ఓటెయ్యబోతే ఇంకొకడు చొక్కా పట్టుకునేవాడు. ఇయ్యాల రెండు పార్టీల ఏజెంట్లూ ఒకే బెంచీ మీద కూర్చొని పల్లీలు తింటన్నారు" అంది.

ఎందుకు పల్లీలు తింటున్నారో ఊళ్ళో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వాళ్ళిద్దరూ నిజంగా కొట్టుకున్నన్నాళ్ళూ ఒకరి మీద ఒకరు కాపలా. ఆ కాపలా మధ్యలో సంతోషమ్మ ఓటు భద్రంగా ఉండేది. ఎప్పుడైతే లోపల కలిసిపోయి, బయటికి మాత్రం కొట్టుకుంటున్నట్టు కనపడ్డారో, అప్పుడే ఆ ఓటు గాలికి పోయింది. వాళ్ళను కలిపింది నా తుమ్ము.

పంపు చెడిపోయింది. ఎవరూ రాలేదు. సంతోషమ్మ బిందె చంకన పెట్టుకొని కాలువ దాకా నడిచి, నీళ్ళు దించి, అప్పుడు డ్యూటీకి వచ్చేది. గారూ అనడం కూడా మానేశారట.

పత్తికి తెల్లదోమ పట్టిన ఏడాది పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. రాఘవయ్య గారి అల్లుడు కుర్చీ గుర్తు మీద నిలబడ్డాడు. పుల్లయ్య గారి తమ్ముడు కత్తెర గుర్తు. ఊరంతా పోస్టర్లు, తిట్లు. సంతోషమ్మ నెల ముందు నుంచే మొదలుపెట్టింది.

"ఈసారన్నా నా ఓటు నా చేత్తో ఏస్తానా ఆపరేటరమ్మా?"

"ఎందుకు వెయ్యవు" అనేదాన్ని, బోర్డు వంక చూస్తూ.

పోలింగుకు రెండు రోజుల ముందు పదకొండింటికి "ఆ లైను" ఇచ్చాను. కీ వదల్లేదు. ఇది తప్పు కింద రాసుకో, సాకు చెప్పను.

"సర్పంచి మీ అల్లుడికి వదిలేస్తన్నా బావా. సొసైటీ ప్రెసిడెంటు నాది" అన్నారు పుల్లయ్య గారు.

"అట్టాగే. మరి మీ తమ్ముడు నిలబడ్డాడుగా?"

"నిలబడాలి. లేకపోతే మావోళ్ళు నన్ను నిలబడనిస్తారా. ఊరికే నిలబడతాడు."

"చర్చి పేట ఓట్లు?"

"వాళ్ళు లేచి తెమిలి వచ్చేలోపల మీవోళ్ళను గుద్దుకోమను. మా ఏజెంటు పైకప్పు చూస్తా కూర్చుంటాడు."

"అయితే పొద్దున ఏడింటికి ఫోన్ చేస్తా. నువ్వు సరే అంటేనే మావోళ్ళను పంపిస్తా."

"సరే అని ఇప్పుడే అంటున్నాగా."

"ఇప్పటి సరే వేరు, పొద్దుటి సరే వేరు బావా. నీ మీద నమ్మకమేగానీ, పదకొండేళ్ళ అలవాటు."

పోలీసులకు చెబుదామంటే నోరు ఇంటి దగ్గర పెట్టి వచ్చాను. సంతోషమ్మకు చెబుదామంటే అదీ చెప్పడమే. ఇన్‌స్పెక్టర్ గారికి చెబితే, ముందు నువ్వెందుకు విన్నావంటారు. విన్న ఒక్కదాన్నీ ఏమీ అనలేను. చేతుల్లో ప్లగ్గులు మాత్రం ఉన్నాయి.

ఎంగేజ్

పోలింగు రోజు ఆరున్నరకల్లా సంతోషమ్మ వచ్చి గది ఊడ్చేసింది. గంజి పెట్టిన చీర కట్టుకుంది. చెయ్యి కడుక్కొని, ఆ వేలిని చీర కొంగుతో తుడుచుకుంది.

"పోయి రానా?"

"పోయి రా" అన్నాను.

తను మలుపు తిరగగానే నేను ఒక తీగ తీసుకొని ఒక చివర తొమ్మిదిలో పెట్టాను. రెండో చివర ఎక్కడా పెట్టలేదు, అట్లా వేలాడదీశాను. ఇంకో తీగ పధ్నాలుగులో పెట్టి అదీ వేలాడదీశాను. రూలు ప్రకారం రంధ్రంలో ప్లగ్గు ఉంటే ఆ లైను ఎంగేజ్. అబద్ధమాడలేదు నేను.

ఏడింటికి పధ్నాలుగు రేకు పడింది.

"అమ్మాయ్, ఆ లైనియ్యి" అన్నారు రాఘవయ్య గారు.

"ఎంగేజ్‌లో ఉందండీ."

"ఎంగేజా? ఇంత పొద్దున్నే ఎవరితో?"

"చెప్పకూడదండీ. రూలు."

పెట్టేశారు. రెండు నిమిషాలకు తొమ్మిది పడింది. ఏడింటికి రావాల్సిన ఫోను రాలేదని పుల్లయ్య గారికి కంగారు.

"ఆ లైనియ్యమ్మాయ్."

"ఎంగేజ్‌లో ఉందండీ."

"ఎవరితో మాట్లాడతన్నాడు?"

"చెప్పకూడదండీ."

"గుంటూరా?"

"చెప్పకూడదండీ."

"పోలీసోళ్ళా?"

"చెప్పకూడదండీ."

"ఓహో" అన్నారు పుల్లయ్య గారు. నేను చెప్పకూడదన్న ప్రతిదీ ఆయన అవునని రాసుకున్నారు. మళ్ళీ పధ్నాలుగు. అదే ప్రశ్న, అదే జవాబు, అదే ఓహో. నాలుగోసారి రాఘవయ్య గారు "వాడు నన్ను ముంచాడు" అని ఫోను పెట్టిన చప్పుడుకు నా చెవి గుయ్యిమంది. నా ఉద్యోగంలో ఆ రూలును అంత నిక్కచ్చిగా ఇంకెప్పుడూ పాటించలేదు.

తర్వాతిది సంతోషమ్మ చెప్పింది. పావుగంటలో ఇద్దరు పెద్దమనుషులూ పోలింగు జరిగే బడి దగ్గరకు ఊడిపడ్డారట. గుమ్మానికి చెరో పక్కన కుర్చీలు వేసుకొని కూర్చున్నారట. రెండూ చేతులున్న కుర్చీలే. పైకప్పు చూడమన్న ఏజెంటు ఇప్పుడు ఓటర్ల ముక్కులు కూడా చూస్తున్నాడట. చచ్చిపోయినవాడి పేరు మీద ఒకడు రాబోతే రెండు పార్టీలవాళ్ళూ రెండు చేతులూ పట్టుకున్నారట.

"నా వంతొచ్చింది. ఇటోడు మొగుడి పేరేంది అన్నాడు. అటోడు ఇంటి నంబరెంత అన్నాడు. ఇటోడు మళ్ళీ, మీ నాన్న పేరు చెప్పు అన్నాడు. అన్నీ చెప్పా. ఆఖరికి ఇద్దరూ ఒకళ్ళ మొఖం ఒకళ్ళు చూసుకొని, ఈమె సంతోషమ్మే అన్నారు. ఈ ఊళ్ళో రెండు పార్టీలూ కలిసి ఒప్పుకున్న మాట అదొక్కటేనమ్మా, నేను నేనేనని."

వేలు నా కళ్ళ ముందు పెట్టింది. చుక్క కాదు, సగం గోరు దాకా నల్లగా పూయించుకొచ్చింది.

"కొంచెం ఎక్కువే రాయమన్నా" అంది.

నేను వెనక్కి తిరిగి, వేలాడుతున్న తీగలు రెండూ తీసేశాను.

ఒక పంపు, ఇద్దరు మెకానిక్కులు

ఎవరు గెలిచారంటావా. రాఘవయ్య గారి అల్లుడే. వాళ్ళు ఫోన్లో అనుకున్న సర్పంచే వచ్చాడు. నవ్వకు, నేనూ అప్పుడు అట్లాగే నవ్వాను. కానీ గెలిచింది పిడికెడు ఓట్లతో. చర్చి పేట ఎటు వేసిందో ఇద్దరికీ అంతు చిక్కలేదు. ఆ అంతు చిక్కకపోవడమే పని చేసింది. లెక్కింపైన మూడో రోజు పొద్దున పేటలో బోరు పంపు దగ్గరకు ఇద్దరు మెకానిక్కులు వచ్చారు, తొమ్మిదో నంబరు పంపినవాడొకడు, పధ్నాలుగో నంబరు పంపినవాడొకడు. నేను బాగుచేస్తానంటే నేనని పానాలు ఎత్తుకొని తగవుపడ్డారు. సంతోషమ్మ మధ్యలో నిలబడి, "హ్యాండిల్ నువ్వు చెయ్యి, లోపల పైపు నువ్వు చెయ్యి" అని పంచిందట.

నా సంగతి ఇంకా ఉంది. పుల్లయ్య గారు మా డిపార్ట్‌మెంటుకు ఉత్తరం రాశారు. ఎంత అడిగినా రహస్యం బయట పెట్టని ఇట్లాంటి ఆపరేటరు మా ఊరికి దొరకడం అదృష్టమని. ఆ ఉత్తరం పట్టుకొని హనుమంతరావు గారు వచ్చారు. స్టూలు పక్కన నిలబడి ఆ రోజు రిజిస్టరు అడిగారు. పేజీ మీద వేలు పెట్టి పై నుంచి కిందికి జరిపారు.

"ఏడింటి నుంచి తొమ్మిది ఎంగేజ్, పధ్నాలుగు ఎంగేజ్. కానీ ఏ నంబరుతోనూ కాల్ లేదు. వీళ్ళు ఎవరితో మాట్లాడారమ్మా?"

"చెప్పకూడదండీ" అన్నాను.

ఈసారి ఆయన నవ్వారు. ఒక్క క్షణమే. తర్వాత రిజిస్టరు మూసి అన్నారు.

"ఆ గంటలో పుల్లయ్య గారింట్లో ఎవరికైనా ప్రాణం మీదికొచ్చి డాక్టరు లైను అడిగితే ఏం చేసేదానివి?"

"ఇచ్చేదాన్నండీ."

"బయట నుంచి వాళ్ళకు కబురొస్తే?"

ఆ గంటలో బయట ఊరి నుంచి వాళ్ళకు ట్రంకు కాల్ ఏదీ రాలేదు, అది నా అదృష్టం. వచ్చి ఉంటే, నేను ఎంగేజ్ అని ఉంటే, ఇవాళ నీకు ఈ కథ ఇంత నవ్వుతూ చెప్పేదాన్ని కాదు. ఆయన పై అధికారులకు రాయలేదు. కానీ ఆ ప్రశ్నను నా దగ్గర వదిలేసి వెళ్ళారు. రిటైరయ్యేదాకా ఇంకెప్పుడూ లైను ఆపలేదు.

కాబట్టి సూటిగా చెబుతున్నా, నేను చేసింది తప్పు. నాకు ఆ ఊళ్ళో ఓటు కూడా లేదు, నా ఓటు గుంటూరులో. స్టూలు మీద కూర్చున్న ఒక మనిషి రెండు తీగలు వేలాడదీస్తే తప్ప నలుగురు మనుషులు తమ ఓటు తాము వెయ్యలేరంటే, దాన్ని ప్రజాస్వామ్యం అని ఎట్లా అంటాం? అట్లాగని లేదని కూడా అనలేను. సంతోషమ్మ వేలి మీద నేను చూశాను, సగం గోరు దాకా. జనం పార్టీలుగా చీలిపోయారని టీవీలో ఏడుస్తారే, నాకు ఆ భయం లేదు. పైకి చీలినట్టు కనపడి లోపల "ఆ లైనియ్యమ్మాయ్" అనుకునేవాళ్ళంటేనే భయం. వాళ్ళను చూస్తే ఇప్పటికీ నాకు ముక్కు దురద పెడుతుంది.

రాఘవయ్య గారు నాలుగు నెలలు ఫోన్లో ఆ లైను అడగలేదు. పుల్లయ్య గారూ అడగలేదు. ఒకరోజు రాఘవయ్య గారే ఎక్స్ఛేంజికి నడిచొచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, గొంతు తగ్గించి అన్నారు.

"అమ్మాయ్, అప్పుడెప్పుడో నీ పొరపాటున ఒక లైను కలిసింది. నాకు తెలుసులే అది పొరపాటని. అట్టాంటిది ఇంకోసారి జరగదా? షుగరు మూడొందలైంది, వాడు వాడే మందేందో కనుక్కోవాలి."

"మిరపకాయల సీజను కాదు కదండీ. తుమ్ము రావద్దూ" అన్నాను.

పాపం, ముఖం చూస్తే జాలేసింది. ఎలక్షన్లు దగ్గర్లో లేవు గదా అని మర్నాడు తుమ్మాను.

ఇక సంతోషమ్మ. ఆ ఊళ్ళో ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియనిది లేదు. నాకు తెలియనిది ఒక్కటే, ఆ రోజు ఆమె ఓటు ఎవరికి వేసింది, కుర్చీకా కత్తెరకా. ఎన్నిసార్లు అడిగానో. అడిగినప్పుడల్లా కళ్ళు చికిలించి, "చెప్పకూడదండీ, రూలు" అనేది, అచ్చం నా గొంతుతో. అంటే ఆ రోజు నేనేం చేశానో ఆమెకు ఎప్పుడో తెలుసన్నమాట. ఎట్లా తెలిసిందో అదీ చెప్పలేదు.

మొన్న క్రిస్మస్‌కు కేకు పట్టుకొని వచ్చింది చూడు, నువ్వు ఆటో దాకా సంచీ మోశావు, ఆవిడే. ఆ రోజు మీరంతా వంటింట్లో ఉంటే నా పక్కన కూర్చొని, ఇక మనమెన్నాళ్ళుంటాంలే ఆపరేటరమ్మా అని, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతకాలం దాచిందెందుకో అప్పుడు అర్థమైంది. నువ్వు అడుగుతున్నావు కాబట్టి చెబుతా, ఇది మాత్రం రాయకు. కాదులే, రాయి. ఆ రోజు లోపలికెళ్ళి, కాగితం బల్ల మీద పరిచి, ముద్ర చేతిలో పట్టుకొని, కుర్చీని చూసిందట, కత్తెరను చూసిందట, చూసి చూసి ఆ ముద్ర తీసుకెళ్ళి వేసింది ఎక్కడనుకున్నావు

"అత్తయ్యా, ఇంక లేవండి. అన్నం, గోంగూర కలిపి పెట్టేశాను, చల్లారిపోతోంది."

వస్తున్నానమ్మా, ఒక్క నిమిషం. చూశావా, మీ అమ్మ చేతిలోనూ ఒక ప్లగ్గు ఉన్నట్టుంది, సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి లైను